మిగులు భుజం

ప్రభుత్వ లెక్కల ప్రకారం నా కుడి భుజంలో ఇరవై రెండు డిగ్రీల మిగులు ఉంది. ఇది నా సొంత గొప్ప కాదు. నా ఫొటో కింద ఆ ముక్క రాయించి మా జిల్లా పునరావాస కేంద్రం గేటుకి ఫ్లెక్సీ కట్టారు. రోజూ నా బస్సు దాని పక్క నుంచే వెళ్తుంది. అక్కడికి రాగానే డ్రైవరు హారన్ కొట్టి "మీరేనండీ" అంటాడు. నేనేనని నాకు తెలుసు.

నా పేరు గుబ్బల మంగతాయారు. ఆర్డినరీ బస్సులో కండక్టర్ని. పుట్టడమే వదులు కీళ్ళతో పుట్టాను. మామూలు మనుషుల ఒంట్లో కీళ్ళని బిగించి పట్టుకునే జిగురు లాంటిది ఒకటి ఉంటుందట. నా ఒంట్లో అది నీళ్ళు ఎక్కువైన గంజిలా ఉంది. బొటనవేలు వెనక్కి వంచితే వెళ్ళి ముంజేతికి ఆనుతుంది. చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో అలా చేసి చూపిస్తే పెళ్ళికొడుకుని వదిలేసి పిల్లలందరూ నా చుట్టూ మూగేవారు. ముప్పై దాటాక ఆ సరదా తీరింది. స్పీడ్ బ్రేకర్ మీద బస్సు ఎగిరితే, పైనున్న కమ్మీ పట్టుకున్న చెయ్యి అక్కడే ఉండేది, నేను కిందికి వచ్చేదాన్ని. మధ్యలో భుజం గూడు వదిలి జారిపోయేది. పెద్దాసుపత్రి డాక్టరు అన్నీ చూసి, "ఇది వంశంలోంచి వచ్చిన జబ్బమ్మా, మందు లేదు" అన్నాడు. ఇద్దరు దొరల ఇంటిపేర్లు కలిపి పెట్టిన పేరొకటి చీటీ మీద రాసిచ్చి ఫిజియోథెరపీకి పొమ్మన్నాడు. మందు లేని జబ్బులకే నోరు తిరగని పేర్లు పెడతారెందుకో.

పునరావాస కేంద్రంలో ఫిజియోథెరపిస్టు ఎస్తేరు రాణి. వయసులో నాకన్నా పదేళ్ళు చిన్నది, మాటలో నాకన్నా కరుకు. మొదటి రోజే నా చెయ్యి పైకెత్తించి చూసి, "ఇక్కడికొచ్చే అందరికీ వంచడం నేర్పుతానండీ. మీకు ఆపడం నేర్పాలి" అంది.

ఆపడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. కిటికీ ఊచకి రబ్బరు పట్టీ కట్టి లాగించేది. గోడని తోయించేది. అద్దం ముందు నిలబెట్టి చెయ్యి మెల్లగా ఎత్తించి, ఇంకా పైకి వెళ్దామని చెయ్యి ఉబలాటపడేచోట "ఆపండి" అనేది. ఏడాది తిరిగేసరికి భుజం చుట్టూ ఉన్న కండ గూటికి కాపలా కాయడం నేర్చుకుంది. ఆ వర్షాకాలంలో మా రూటులో రోడ్డు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది గానీ, నా భుజం మాత్రం ఉన్నచోటే ఉంది. వారానికి రెండుసార్లు ఆ గదికి వెళ్ళడం మానేస్తే కండ మళ్ళీ నిద్రపోతుందని ఎస్తేరు ముందే చెప్పింది. చెయ్యి ఊడిపోయే మనిషిని ఏ బస్సూ కండక్టరుగా మొయ్యదు. కాబట్టి నా ఉద్యోగం ఆ గది మీద ఆధారపడి ఉంది.

సరిగ్గా అప్పుడు మా కేంద్రానికి డిప్యూటీ డైరెక్టరుగా శేషఫణి గారు వచ్చారు.

శేషఫణి గారు నీటిపారుదల శాఖలో పండిపోయిన మనిషి. అక్కణ్ణుంచి ఇక్కడికి ప్రమోషన్ మీద వచ్చానని ఆయన చెప్పేవారు. మిగతావాళ్ళు వేరే కారణం చెప్పేవారు. కాలువలు, లాకులు, తూములు తప్ప వేరే ప్రపంచం ఆయన ఎరగరు. వచ్చిన రోజే అందర్నీ హాల్లో కూర్చోబెట్టి గంభీరంగా అడిగారు.

"రోగులు వచ్చుచున్నారు, పోవుచున్నారు. ఇన్‌ఫ్లో ఎంత? అవుట్‌ఫ్లో ఎంత? ఈ కేంద్రమునకు ఒక గేజీ అనునది ఉన్నదా?"

ఎస్తేరు లేచి, కీలు ఎంత వంగుతుందో కొలిచే బద్ద చూపించింది. రెండు ప్లాస్టిక్ ముక్కలు, మధ్యలో ఒక మేకు, చుట్టూ అంకెలు. అంతే. ఆయన దాన్ని రెండు చేతులా అందుకుని తిప్పి తిప్పి చూశారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయని అటెండరు ప్రమాణం చేసి చెప్పాడు.

"ఇంతటి గేజీని చేతిలో ఉంచుకుని, గేటు వద్ద బోర్డు లేకుండా ఇన్నాళ్ళు ఎటుల ఉండగలిగితిరి?"

మర్నాటికల్లా గేటు దగ్గర నల్లబోర్డు వెలిసింది. "ఈ ఉదయం కేంద్రము మొత్తము చలనమట్టము" అని పైన రాసి, కింద రోగులందరి డిగ్రీలూ కూడిన అంకె వేసేవారు. అది ఏ రోజూ తగ్గకూడదు. ప్రతి రోగీ నెలనెలా పది డిగ్రీలు పెరగాలని ఆర్డరు. మోకాళ్ళు పట్టేసినవాళ్ళూ, పక్షవాతం నుంచి తేరుకుంటున్నవాళ్ళూ మూలుగుతూనే పెరిగారు. పెరగననే మొండి కీలు ఏదైనా ఉంటే కొలిచే సమయానికి అటెండరు వెనకనుంచి ఒక తోపు తోసేవాడు. ఊళ్ళో జనం పొద్దున్నే పాలకి వెళ్తూ బోర్డు చూసి "ఇవాళ బానే పెరిగిందే" అనుకుంటూ పోయేవారు. ఏం పెరిగిందో ఎవరికీ తెలియదు.

ఆ బోర్డుకి నేనొక్కదాన్నే తెగులు. అందరూ పెరుగుతుంటే నేను తగ్గుతున్నాను. ఒక సోమవారం నేను వెళ్ళేసరికి ఎస్తేరు చేతిలో మెమో ఉంది. పైకి చదివింది.

"'సదరు రోగి మంగతాయారు చేరిన తేదీన కుడి భుజమును రెండు వందల రెండు డిగ్రీల వరకు ఎత్తగలిగి ఉండెను. మామూలు మనుష్యుల గరిష్ఠ మట్టము నూట ఎనభై మాత్రమే. అట్టి రోగి తమ చికిత్స అనంతరము నూట అరవై వద్ద నిలిచిపోవుచున్నది. ప్రభుత్వ కేంద్రమునందు నలభై రెండు డిగ్రీలు ఎచ్చటికి పోయినవో సంజాయిషీ ఇవ్వవలెను.'"

"ఎక్కడికి పోయాయంటారేంటండీ?" అన్నాను.

"లీకేజీ అనుకుంటున్నారండీ. ఏ తూము దగ్గర లీకవుతోందో చెప్పమంటున్నారు."

"పదండి, నేనే చెప్తాను."

కండక్టర్ని కదా, ఎవరితోనైనా మాట్లాడి ఒప్పించగలనని నాకో నమ్మకం ఉండేది. ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ కుర్రాళ్ళని లోపలికి ఎక్కించిన నోరు ఇది. ఇద్దరం ఆయన గదికి వెళ్ళాం.

"అయ్యా, నా చెయ్యి అంత పైకి లేవడమే నా జబ్బండీ. అది తగ్గించుకోడానికే నేనిక్కడికొస్తున్నా" అన్నాను.

"అమ్మా, లోటు అనునది జబ్బు. మిగులు అనునది సంపద. సంపదను తగ్గించుకొనుటకు ప్రభుత్వము వద్దకు వచ్చువారిని నేను నా సర్వీసులో చూడలేదు."

"సంపదైతే బస్సు ఎగిరినప్పుడల్లా ఊడి చేతికొస్తదేంటండీ?"

"అది వినియోగ లోపము. రోడ్డు బాగులేదని జలాశయమును తప్పు పట్టుదుమా?"

మాటలతో లాభం లేదని, చూస్తే తెలుస్తుంది కదా అని, బొటనవేలు వెనక్కి వంచి ముంజేతికి ఆనించాను. మోచెయ్యి వెనక్కి విరిచాను. చేతి వేళ్ళన్నీ వెనక్కి, మణికట్టు వైపు మడిచాను. జాలిపడతారనుకున్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. గోదావరి గట్టు మీద నిలబడి వరద చూస్తున్న ఇంజనీరులా చూశారు.

"అద్భుతము! ఎస్తేరు గారూ, ఇంతటి మట్టమును మీరు ఏడాదిగా సముద్రము పాలు చేయుచున్నారా?"

అక్కడే కూర్చుని లెక్క వేశారు. మామూలు మనిషి కన్నా తక్కువ కదిలితే వైకల్యం ఇంత శాతమని రాస్తారు కదా. నేను ఎక్కువ కదులుతున్నాను కాబట్టి నా వైకల్యం మైనస్ పన్నెండు శాతమని తేలింది. జబ్బు లేనివాళ్ళకి సున్నా. నేను జబ్బు లేనివాళ్ళకన్నా పన్నెండు మెట్లు పైనున్నాను. అలాంటి దాన్ని ఫిజియోథెరపీ గదిలోకి రానివ్వడం ప్రభుత్వ సంపదకి నష్టం కలిగించడమే కనక, నా చికిత్స ఆ రోజే ఆపేశారు. నన్ను ముట్టుకోకూడదని ఎస్తేరుకి వేరే మెమో ఇచ్చారు. నాకు ఫ్లెక్సీ కట్టారు.

ఊరికే పడివున్న మిగులుని చూస్తూ కూర్చోవడం నీటిపారుదల శాఖవాళ్ళ వల్ల కాదు. దాన్ని లోటున్న చోటికి మళ్ళించాలి. మా కేంద్రానికి కాళహస్తి గారని రిటైరైన సబ్ పోస్టుమాస్టరు వచ్చేవారు. భుజం పట్టేసి చెయ్యి సగానికి మించి లేవదు. బనీను కూడా ఆయన భార్యే తొడగాలి. ఒకరోజు మా ఇద్దర్నీ పిలిపించి పక్కపక్కన నిలబెట్టారు. ఆయనకి తొంభై డిగ్రీల లోటు. నా భుజాలు, మోచేతులు, మోకాళ్ళు, వేళ్ళు అన్నిటి మిగులూ కలిపితే తొంభై దాటింది.

గుమస్తాకి ఒక సందేహం వచ్చింది. "సార్, భుజం లోటుకి మోకాలి మిగులు చెల్లుతుందాండీ?"

"డిగ్రీకి కులమతములు లేవయ్యా. రాసుకో. రోగులు మంగతాయారు, కాళహస్తి అనుసంధానింపబడిరి. సగటున ఇద్దరును సంపూర్ణ ఆరోగ్యవంతులు. ఇద్దరి చికిత్సయు ముగిసినది."

కాళహస్తి గారి భార్య ముందుకొచ్చారు. "బాబూ, మరి రేపట్నించి మా ఆయనకి బనీను ఈవిడొచ్చి తొడుగుద్దా?"

"అమ్మా, అనుసంధానము పూర్తయినది. క్షేత్రస్థాయి పంపిణీ రెండవ దశలో జరుగును."

బయటికొచ్చాక కాళహస్తి గారు తన చెయ్యి వైపు కాసేపు చూసుకున్నారు. "ఎంతమందికి మనియార్డర్లు చేర్చానో గానీ, నాకంటూ భుజం మనియార్డరు వచ్చింది ఇదేనమ్మా. ఎప్పటికి చేరుద్దో మరి" అన్నారు. ఆయన నవ్వించడానికే అన్నారు. నేను నవ్వాను కూడా. బస్సెక్కాక ఏడుపొచ్చింది.

ఎందుకంటే అప్పటికే భుజం మళ్ళీ కదలడం మొదలైంది. ముందు గూట్లో చిన్నగా నసిగేది. తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా అంచుదాకా వచ్చి వెళ్ళేది. ఇంట్లో ఒక్కదాన్నే రబ్బరు పట్టీ కట్టుకుని లాగితే ఎక్కడ ఆపాలో తెలియక నొప్పి ఇంకా పెరిగింది. పైనున్న కమ్మీ మానేసి ఎడం చేత్తో సీట్లు పట్టుకుంటూ, నడుం ఆనించుకుంటూ టికెట్లు కొట్టాను. "ఏంటి కండక్టరు గారూ, తూలుతున్నారు?" అని ఒకడు అడిగాడు. వాడికి నా మైనస్ పన్నెండు గురించి ఏం చెప్పను? నాకు నిజంగా భయం వేసింది.

ఎస్తేరు ఊరుకోలేక ఇంకోసారి శేషఫణి గారి దగ్గరికి వెళ్ళింది. "సార్, ఇది జన్యువుల్లో ఉండే జబ్బండీ. ఆమె వంశంలో ఇంకెంతమందికి ఉందో! వాళ్ళందరికీ చిన్నప్పట్నించే కండ గట్టిపరిచే చికిత్స ఇవ్వాలండీ" అని చెప్పింది.

ఆయన విన్నది ఒకే ఒక్క మాట.

"వంశములోనా? అనగా ఇది చెరువు కాదు. జీవనది!"

ఆ మధ్యాహ్నమే మా అమ్మ పుట్టింటి ఊరికి జీపు వెళ్ళింది. మేనమామలు, పిన్నులు, వాళ్ళ పిల్లలు, ఎవరి వేలు వెనక్కి వంగితే వాళ్ళని ఎక్కించుకొచ్చింది. మా పిన్ని కూతురు సువర్చల తన పిల్ల హారికని చంకనెత్తుకుని దిగింది. హారికకి ఎనిమిదేళ్ళు. చంకెక్కే వయసు కాదు. నడుస్తుంటే మోకాలిచిప్ప పక్కకి జారుతుంది. మా వాళ్ళంతా చికిత్స చేస్తారనుకుని, పుణ్యం వస్తుందనుకుని వరసగా నిలబడి వంగారు. బద్ద పట్టి కొలిచారు. హారిక మోకాళ్ళు చూసి గుమస్తా "మైనస్ పద్దెనిమిది" అని గట్టిగా చదివాడు.

"అమ్మా, నేను ఫస్టా?" అంది హారిక.

ఫస్టే. ఆ సాయంత్రం బోర్డు మీద అంకె పట్టక పక్కన ఇంకో పలక తగిలించారు. జిల్లాలో కీళ్ళు పట్టేసిన ప్రతి రోగికీ మా వంశంలో ఒక మనిషిని అనుసంధానించారు. అందరికీ ఒకేసారి నయమైపోయింది. రోగులు లేని కేంద్రంలో ఫిజియోథెరపీ గది ఎందుకని తాళం వేశారు. ఎస్తేరుని బోర్డు మీద సుద్దముక్కతో అంకెలు రాసే డ్యూటీకి వేశారు. మా వాళ్ళని జీపులో తిరిగి దింపుతారనుకున్నాం. పంపిణీ రెండవ దశ అన్నారు. నా బస్సులోనే తీసుకెళ్ళాను.

ఆ ఏడు ఉత్తమ కేంద్రంగా మమ్మల్ని ఎంపిక చేశారు. షామియానా వేశారు. రాజధాని నుంచి కమిషనరు గారు వచ్చారు. నేను రానని కబురు చేస్తే, రాకపోతే మిగులు దాచినట్టు అవుతుందని తిరుగు కబురు వచ్చింది. వెళ్ళాను. శేషఫణి గారు మైకు ముందు నన్ను నిలబెట్టి, "ఈమె ఒక వ్యక్తి కాదు, ఒక పరీవాహక ప్రాంతము" అన్నారు. చప్పట్లు కొట్టారు. ఆ ఉత్సాహంలో ఆయన నా కుడి చెయ్యి పట్టుకుని, ఎన్నికల్లో గెలిచినవాడి చెయ్యి ఎత్తినట్టు ఒక్క విసురున పైకెత్తారు.

భుజం గూడు వదిలేసింది. ఎంత నొప్పి అంటే నాకు అరవడానికి కూడా ఊపిరి అందలేదు. చెయ్యి వెనక్కి ఎక్కడికో వెళ్ళిపోయి అక్కడే ఉండిపోయింది. ఫొటోగ్రాఫరు "మేడమ్, అలాగే ఉండండి" అన్నాడు. కమిషనరు గారు కుర్చీలోంచి ముందుకి వంగి, "ఇది ఎన్ని డిగ్రీలు?" అని అడిగారు. గుమస్తా బద్ద పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"రెండు వందల అరవై సార్! రికార్డు!"

మళ్ళీ చప్పట్లు. ఈసారి నిలబడి కొట్టారు.

గేటు దగ్గర్నుంచి ఎస్తేరు రావడం నాకు కనిపించింది. చేతుల నిండా సుద్ద. కుర్చీలు తోసుకుంటూ వేదిక ఎక్కింది.

"ఎస్తేరు గారూ, ఆగవలెను. రెండవ కొలత పూర్తి కాలేదు" అన్నారు శేషఫణి గారు.

"తప్పుకోండి సార్" అంది ఎస్తేరు. అంతమందిలో అంతే అంది. నన్ను కింద కూర్చోబెట్టి, చెవిలో మెల్లగా మాట్లాడుతూ, నా ఒళ్ళు వదులైన క్షణం చూసి భుజాన్ని గూట్లోకి పంపింది. పెద్దాసుపత్రిలో చెయ్యి కదలకుండా ఒంటికి కట్టేసి ఇంట్లో కూర్చోబెట్టారు.

కట్టు విప్పాక చెయ్యి బిగుసుకుపోయింది. నడుం దాటి లేవలేదు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెస్తేనే బస్సెక్కిస్తామన్నారు. ఏమైతే అదయిందని కేంద్రానికి వెళ్ళాను. శేషఫణి గారు స్వయంగా బద్ద పట్టి కొలిచారు. ముఖం వెలిగిపోయింది.

"లోటు! తిరుగులేని లోటు! అమ్మా, ఇప్పుడు మీకు అర్హత వచ్చినది. మా శాఖలో మొదటినుంచి ఉన్న నియమమే ఇది. గట్టు బలహీనముగా ఉన్నదని మరమ్మతు చేయరాదు. గండి పడిన పిదప చేయవలెను."

పూర్వపు రికార్డు, అంటే రెండు వందల అరవై, తిరిగి సాధించేవరకు నాకు చికిత్స ఇవ్వాలని ఆర్డరు వేశారు. గది తాళం తీశారు. ఎస్తేరు ఆర్డరు చదివి, "ఇందులో నెలకి పదన్న మాట లేదండీ, ఒకటో రెండో డిగ్రీలు పెంచుతాను. బోర్డూ తగ్గదు, మీరూ ఆగాల్సిన చోట ఆగుతారు. వీళ్ళ రికార్డు అందేసరికి మనిద్దరం రిటైరైపోతాం" అంది. అలా నా భుజం ఊడకుండా ఉండే చికిత్స నాకు దొరికింది, భుజం ఊడాక.

ఆ అనుభవంతో శేషఫణి గారు మిగులు ఉన్న రోగులందరికీ వర్తించేలా ఒక సర్క్యులర్ పంపారు. ఏ కీలైనా సంపూర్ణముగా ఊడినచో చికిత్సకు అర్హత కలుగును. ఊడిన కీలును సరిచేయక, ఉన్నది ఉన్నట్లుగా కొలత నిమిత్తము కేంద్రమునకు తీసుకొని రావలెను.

సువర్చల ఫోన్ చేసింది. "అక్కా, పిల్లకి నిన్న బడి మెట్ల మీద మోకాలిచిప్ప జారిందే. డిప్యూటీ గారి కాడికి తీసుకెళ్ళాను. పూర్తిగా జారిందా, కొంచెం జారిందా అనడిగారు. కొంచెం జారి అదే సర్దుకుందండీ అన్నాను. అయితే ఇప్పుడే కాదన్నారు. అబద్ధం చెప్పాల్సిందా అక్కా?"

నాకు ఒళ్ళు మండింది. ఒక తల్లి చేత ఆ మాట అడిగించినందుకు మండింది. "గురువారం పిల్లని తీసుకుని రా. మిగతాది నేను చూసుకుంటా" అన్నాను.

గురువారం నా టైములో ఎస్తేరు నాకు సగమే చేయించింది. మిగతా సగం హారికని అద్దం ముందు ఒంటికాలి మీద నిలబెట్టింది. సరిగ్గా అప్పుడే శేషఫణి గారు తనిఖీకి వచ్చారు.

"ఈ బాలిక మైనస్ పద్దెనిమిది కదా? ఈమెకు ఇచ్చట ప్రవేశము లేదే!"

"చికిత్సకి రాలేదండీ. నాకిప్పుడు లోటు కదండీ, మా వంశంలో మిగులు నాకు పక్కనుంటే తొందరగా పెరుగుతానని తెచ్చుకున్నాను. క్షేత్రస్థాయి పంపిణీ అన్నారు కదా, ఇదేనండీ" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రెండవ దశ" అన్నారు. "నేను ఆదేశించకుండానే ప్రజలే ప్రారంభించిరి." హారికకి కుర్చీ వేయించమని అటెండరుతో చెప్పి, వారం వారం తప్పక తీసుకురావాలని నాకు ఆర్డరు వేసి వెళ్ళిపోయారు. మా వంశంలో ఇంకా పదకొండు మంది పిల్లలున్నారు. ఒక్కొక్కళ్ళ పక్కన నిలబడడానికి ఒక్కొక్క ఊడిన భుజం కావాలి. అన్ని భుజాలు నాకు లేవు.

హారిక కుర్చీలో కూర్చోలేదు. మళ్ళీ ఒంటికాలి మీద నిలబడింది. మోకాలు లోపలికి వాలబోతూ వణికింది.

"ఆపు" అంది ఎస్తేరు.

పిల్ల పళ్ళు బిగించి ఆపింది.